కొండ లేని తీరం: దర్శి నుంచి మోటుపల్లి, ఓడరేవు దాకా ఒక పరిశీలన

సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, దాని నెత్తిన పాత లైట్‌హౌస్, కింద రాళ్లను కొట్టే కెరటాలు. ఒక్కరోజు సముద్రయాత్ర అనగానే చాలామంది మనసులో మెదిలే బొమ్మ ఇది. దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేలోపు అలాంటి చోటు చూడగలమా? చూడలేం. ప్రకాశం ప్రాంతపు తీరంలో సముద్రాన్ని తాకే కొండే లేదు. ఆ బొమ్మకు సరిపోయే చోటు విశాఖపట్నం డాల్ఫిన్స్ నోస్. పటం మీద నేరుగా గీత గీసినా అది దర్శికి సుమారు 440 కిలోమీటర్ల దూరం. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే దారి కాదది.

అలాగని దర్శి నుంచి చేసే తీరయాత్రకు చరిత్ర కరువేమీ కాదు. నేరుగా 70 కిలోమీటర్ల లోపే ఒకప్పటి రేవు మోటుపల్లి ఉంది, ఇంకాస్త ఉత్తరంగా చీరాల దగ్గర ఓడరేవు అనే ఊళ్లో లైట్‌హౌస్ ఉంది. ఈ రెండింటినీ కలిపి చూస్తే, కొండ అండ లేని తీరంలో ఓడలు ఎలా వచ్చాయి, రాజులు వాటిని ఎలా రప్పించుకున్నారు అన్న ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. అందులో రాతి మీద రుజువున్నది ఎంత, వినికిడి ఎంత, జనం తర్వాత అల్లుకున్నది ఎంత అన్నది విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

ముందు కొండ సంగతి. విశాఖ దగ్గర తూర్పు కనుమల ఖోండలైట్ కొండలు సముద్రం దాకా నడిచి వచ్చాయి. డాల్ఫిన్స్ నోస్ ఆ వరుసలో చివరి ముక్క, ఎత్తు 174 మీటర్లు. భీమునిపట్నం దగ్గరా కొండలు నీటికి దగ్గరగానే నిలబడతాయి. కృష్ణా నది దాటి దక్షిణానికి వస్తే పరిస్థితి మారిపోతుంది. నల్లమల, వెలికొండలు బాగా పడమటికి జరిగిపోయాయి. నల్లరాయికి పేరుపడ్డ చీమకుర్తి కొండలు కూడా సముద్రానికి నేరుగా 30 కిలోమీటర్ల ఎడంలోనే ఆగిపోయాయి. ఆ కొండలకూ నీటికీ మధ్య ఉన్నది నదులు తెచ్చి పోసిన మట్టి, కెరటాలు పేర్చిన ఇసుక. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, అద్దంకి మీదుగా వచ్చి ఒంగోలుకు తూర్పున సముద్రంలో కలిసే గుండ్లకమ్మ కూడా ఈ నేలకు తన వంతు మట్టి చేర్చింది. పడమటి ప్రకాశంలో కురిసిన వాన తీరానికి మోసుకెళ్లేది ఈ ఏరే.

ఇలాంటి చదును తీరం ఓడవాడికి అందంగా కనిపించదు, భయంగా కనిపిస్తుంది. దూరం నుంచి గుర్తుపట్టడానికి కొండ లేదు. నీళ్లు లోతు తగ్గుతూ తగ్గుతూ వస్తాయి, ఎక్కడ ఇసుకమేట ఉందో పైకి తెలియదు. దీన్ని లెక్కలోనూ చూడొచ్చు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఎత్తునుబట్టే చూపు దూరం ఉంటుంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దాకా కనిపిస్తుందో వస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషి కంటికి దిగంతం నాలుగున్నర కిలోమీటర్లే. 30 మీటర్ల స్తంభం మీద దీపానికి అది 19.5 కిలోమీటర్లు. 174 మీటర్ల కొండకు 47 కిలోమీటర్లు. నీటికి 10 మీటర్ల ఎత్తున ఓడ డెక్కు మీద నిలబడ్డవాడి వైపు నుంచి మరో 11 కిలోమీటర్లు కలుస్తాయి. గాలిలో వెలుగు కాస్త వంగుతుంది కాబట్టి మొత్తానికి ఇంకో ఎనిమిది శాతం దాకా చేర్చుకోవచ్చు.

విశాఖ లైట్‌హౌస్ వెలుగు 65 కిలోమీటర్ల దాకా కనిపిస్తుందని పర్యాటక పుస్తకాలు రాస్తాయి. పై లెక్క ప్రకారం కొండ ఎత్తుకే 63 వస్తుంది, 1957లో దానిపై కట్టిన స్తంభం ఎత్తు కలిపితే 65 అన్నది నమ్మదగ్గ మాటే. అదే లెక్కలో చదును తీరాన 30 మీటర్ల స్తంభం 33 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, అంటే సగం. దూరాన్ని రెట్టింపు చేయాలంటే ఎత్తును నాలుగింతలు చేయాలి. కొండ ఉన్న ఊళ్లకు ఈ ఖర్చు ప్రకృతే తప్పించింది. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర, ఆంగ్లేయుల రికార్డుల్లో శాంతపిల్లి అని రాసిన చోట, 1847లో దీపం పెట్టినప్పుడు చిన్న గుట్ట కొసనే ఎంచుకున్నారు. భీమునిపట్నం వెళ్లే ఓడలు సముద్రంలో దాగున్న రాళ్లకు తగలకుండా చూడటం దాని పని. మన వైపు అలాంటి గుట్ట లేదు. ఓడరేవులోనూ, దక్షిణాన రామాయపట్నంలోనూ స్తంభం ఇసుక నేల మీదనుంచే లేవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఓడరేవు లైట్‌హౌస్ ఆధునిక కాలపు కట్టడం. పక్కనే మోటుపల్లి ఉంది కదా అని దీన్ని కాకతీయుల కాలంతో ముడిపెట్టడానికి ఆధారం లేదు. మోటుపల్లి శాసనంలో దీపస్తంభం ప్రస్తావన లేదు. పాత రేవుల్లో రాత్రిపూట మంట వేసి ఓడలకు దారి చూపేవారని ఊహించడం తేలికే, ఆ ఊహను మోటుపల్లి పేరు మీద చరిత్రగా రాయడం మాత్రం తగదు. శాసనంలో ఉన్నది వేరే. నా దృష్టిలో అది దీపంకన్నా ఆసక్తికరమైనది.

మోటుపల్లి వీరభద్రస్వామి గుడి మండపంలోని స్తంభం మీద ఆ శాసనం ఉంది. కాకతీయ గణపతిదేవుడు వేయించినది, శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244–45. దీని పాఠాన్ని అనువాదంతో సహా ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో శాసన పండితుడు హుల్ట్‌ష్ ప్రచురించారు. చరిత్ర పుస్తకాల్లో అభయ శాసనం అని పిలిచేది దీన్నే. సముద్ర వ్యాపారులను ఉద్దేశించి రాజు ఇచ్చిన మాట ఇది. దాని సారాంశం చెబుతాను. ఒక దీవి నుంచి మరో దీవికి, ఒక రేవు నుంచి మరో రేవుకు సరుకుతో బయల్దేరిన ఓడ తుఫానుకు చిక్కి, దారి తప్పి, బద్దలై ఈ ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణంకన్నా ధనమే గొప్పదని ఎంచి సముద్రయాత్ర అనే పెద్ద సాహసానికి పూనుకున్న వ్యాపారులపై దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు.

ఆ సుంకం ఎంతో కూడా రాతి మీదే ఉంది. ఎగుమతి దిగుమతులకు ముప్పై వంతుల్లో ఒక వంతు. నూటికి మూడు పైచిలుకు. తర్వాత సరుకులవారీగా రేట్లు ఉన్నాయి: చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు. ఈ జాబితాను నిదానంగా చదవాలి. కర్పూరం తూర్పు దీవుల నుంచి వచ్చే సరుకు. పగడం పడమటి సముద్రాలది. మిరియం మలబారుది. ఇంత దూరాల సరుకులకు ముందే రేటు నిర్ణయించారంటే అవి అప్పుడప్పుడూ వచ్చినవి కావు, వస్తూ ఉండేవే అని అనుకోవచ్చు. ఎన్ని ఓడలు వచ్చాయి, ఖజానాకు ఎంత చేరింది అన్న లెక్క ఈ శాసనం ఇవ్వదు. రేటు పట్టీ చూసి రాబడి ఊహించడం ప్రమాదం.

శాసనాన్ని దయకు సాక్ష్యంగా మాత్రమే చదివేవాళ్లున్నారు, వ్యాపారపు ఎత్తుగడగా మాత్రమే చదివేవాళ్లూ ఉన్నారు. రెండూ అందులోనే ఉన్నాయి, ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని చూపడం న్యాయం కాదు. దయ, కీర్తి, ధర్మం అని రాజే చెప్పుకున్నాడు. ఆ వెంటనే సుంకం పట్టీ ఉంది. నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. ఈ హామీ మొదలయ్యేదే ఓడ బద్దలవడం దగ్గర. కొండ లేని, ఆశ్రయం లేని తీరంలో తుఫానుకు చిక్కడం వ్యాపారికి రోజువారీ భయమని రాజుకు తెలుసు. సముద్రాన్ని ఆపలేడు. ఒడ్డున ఉన్న తన మనుషుల చేతులు ఆపగలడు. ఆ పని చేస్తానన్నాడు. అధికారులు ఎంతవరకు పాటించారో ఒక్క శాసనంతో తేలదు. కానీ సుమారు 114 ఏళ్ల తర్వాత, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించి వ్యాపారులకు హామీలిచ్చాడు: వచ్చి స్థిరపడేవారికి ఆదరణ, ఇష్టమైనప్పుడు వెళ్లిపోయే స్వేచ్ఛ, సరుకు తమకు నచ్చినవారికి అమ్ముకునే హక్కు. అది సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలో కూడా ఉంది. రేవుకు వచ్చేవాళ్లలో తమిళం చదివే వ్యాపారులు ఉండేవారనడానికి ఇంతకన్నా సూటైన సాక్ష్యం అక్కర్లేదు. హామీని మళ్లీ ఇవ్వాల్సి వచ్చిందంటే మధ్యలో కాకతీయ రాజ్యం కూలి, రేవు చేతులు మారి, నమ్మకం సడలి ఉండాలి. ఇది నా అంచనా. 1323లో ఓరుగల్లు పడిపోవడం మాత్రం అందరికీ తెలిసిన చరిత్ర.

దర్శి పాఠకులకు ఇక్కడే ఒక దగ్గరితనం ఉంది. అనవోతారెడ్డి తండ్రి ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి. ఎర్రాప్రగడ ఉన్నది ఆయన ఆస్థానంలోనే. ఆ తర్వాతే రాజధాని కొండవీడుకు మారింది. అంటే దర్శి నుంచి ముండ్లమూరు, అద్దంకి మీదుగా సముద్రానికి వెళ్లే దారిలో ముందు రెడ్డిరాజుల తొలి రాజధాని, తర్వాత వారి రేవు వస్తాయి. పడమటికి తిరిగితే త్రిపురాంతకం. ఆ గుడిలోనూ గణపతిదేవుడి కాలపు శాసనాలున్నాయి. కొండల్లోని శైవక్షేత్రం, సముద్రపు ఒడ్డు రేవు, రెండూ ఒకే రాజు ఏలుబడిలో ఉన్న కాలంలో దర్శి వాటి నడుమ ఉంది. సరుకు బళ్లు సరిగ్గా దర్శి గుండానే సాగాయని చెప్పే శాసనం నా దృష్టికి రాలేదు కాబట్టి ఆ మాట అనను. నడుమ ఉన్నదన్నది మాత్రం పటం చెప్పే నిజం.

మోటుపల్లి గురించి ఎక్కువగా వినిపించే కథ మార్కో పోలోది. ఆయన గ్రంథంలో ముత్ఫిలి అనే రాజ్యం ఉంది. భర్త పోయిన తర్వాత ఒక రాణి నలభై ఏళ్లు న్యాయంగా పాలించిందని, అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నని బట్ట నేస్తారని రాశాడు. ముత్ఫిలి అంటే మోటుపల్లే అనీ, ఆ రాణి రుద్రమదేవి అనీ పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. రేవు పేరుతో రాజ్యాన్ని పిలవడం విదేశీయుల అలవాటు కాబట్టి మొదటి మాటకు బలం ఉంది. రెండో మాట దగ్గర కొన్ని చిక్కులున్నాయి. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె ఏలుబడి నలభై ఏళ్లు లేదు. పైగా నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆమె 1289 నవంబరు నాటికే శివసాయుజ్యం పొందిందని చెబుతోంది. చైనా నుంచి తిరుగు ప్రయాణంలో పోలో దక్షిణ భారత తీరానికి వచ్చినది 1290ల మొదట్లో. అప్పటికి ఆమె లేదు. కాబట్టి పోలో విన్నది రుద్రమ కీర్తే కావచ్చు, వినికిడిలో కూతురు భార్యగా మారి ఉండవచ్చు. ఆయన మోటుపల్లి ఒడ్డున దిగి ఆమెను చూశాడన్నది మాత్రం తేదీలకు నిలవదు. పర్యాటకులకు చెప్పే కథల్లో మొదట సరిదిద్దవలసినది ఇదే.

సన్నని బట్ట మాటను ఇప్పటి చీరాల, వేటపాలెం మగ్గాలతో నేరుగా కలిపేయడమూ తొందరపాటే. ఈ ప్రాంతంలో నేత పాతదే. ఏడు వందల ఏళ్ల వెనకటి ఆ బట్ట నేసింది ఈ ఊళ్లలోనే అనడానికి ఆ గ్రంథం ఒక్కటే చాలదు.

ఇంత పేరున్న రేవు ఎందుకు పోయింది? ఒక్క కారణం చెప్పి ముగించే రచనలను నమ్మలేం. మోటుపల్లిలో గోడ కట్టిన హార్బరు ఉండేదనుకోనక్కర్లేదు. ఈ తీరంలో పెద్ద ఓడలు లోతు నీళ్లలో లంగరు వేసి నిలబడేవి, పడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవి. పలకలను మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవలు ఆ పనికే పుట్టాయి, కెరటం కొట్టినా విరగకుండా వంగుతాయి. అలాంటి రేవుకు కట్టడం బలం ఉండదు. రాజు అండ, వ్యాపారుల నమ్మకం ఉన్నంతకాలమే నడుస్తుంది. కొండవీటి రాజ్యం పోయింది. గోల్కొండ కాలంలో మచిలీపట్నం పెరిగింది, 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడే చేరారు. ఇసుక మేట వేయడం, ఒడ్డు జరగడం కూడా తోడై ఉండవచ్చు, ఇవాళ ఊరు నీటి అంచున లేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది తీరపు మట్టిని పొరలు పొరలుగా తవ్వి కాలం నిర్ణయిస్తే తప్ప తేలే విషయం కాదు.

తుఫాను భయం మాత్రం పాతబడలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తెచ్చిన తుఫాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలోనే తీరం దాటింది. దివిసీమలో వేలమంది పోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. అభయ శాసనంలో ఓడలను ఒడ్డుకు విసిరిన గాలి ఈ గాలే. తెప్ప మీద, మరపడవ మీద వేటకు పోయే మత్స్యకారుడికి ఇప్పుడు చేతిలో జీపీఎస్ ఉంది, రేడియో హెచ్చరికలున్నాయి. అందుకని లైట్‌హౌస్ పని అయిపోయిందనడం సరికాదు. బ్యాటరీ అయిపోయిన రాత్రి కంటికి కనిపించే దీపం ఒక్కటే మిగులుతుంది. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. అది దీపాలతో పాటు రేడియో, ఎలక్ట్రానిక్ సాయాలను కూడా లెక్కలోకి తెచ్చింది, చరిత్ర విలువ ఉన్న లైట్‌హౌస్‌లను వారసత్వ కట్టడాలుగా గుర్తించే వీలూ కల్పించింది.

ఇక ప్రయాణం. నేను సూచించే వరుస ఇది. తెల్లవారుజామునే దర్శి నుంచి అద్దంకి. అక్కడి నుంచి మేదరమెట్ల దగ్గర హైవే దాటి ఇంకొల్లు వైపు, తర్వాత తీరానికి. మోటుపల్లిలో తొందరపడవద్దు, పొద్దుటి ఏటవాలు వెలుగులో రాతి మీది అక్షరాలు బాగా తెలుస్తాయి. పక్కనే చినగంజాం ఉప్పు మళ్లు, పెదగంజాం దగ్గర మొదలై దక్షిణానికి సాగే బకింగ్‌హాం కాలువ. సముద్రం ఒడ్డునే ఉండి కూడా కాలువ తవ్వుకున్నారంటే, ఆశ్రయం లేని ఈ తీరం వెంట సరుకు నడపడం ఎంత కష్టమో అర్థమవుతుంది. మధ్యాహ్నం వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయవచ్చు. ఎండ తగ్గాక ఓడరేవు. స్తంభం పైకి ఎక్కనిచ్చే వేళలు ముందుగా కనుక్కోండి. ఎక్కలేకపోయినా చీకటి పడి దీపం తిరగడం మొదలయ్యేదాకా ఆగి బయల్దేరండి. ఈ తీరంలో స్నానాలకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి, ఒడ్డున పోలీసులు, మత్స్యకారులు వద్దన్నచోట దిగకండి.

ఒక విన్నపంతో ఆపుతాను. మోటుపల్లి శాసనాల పాఠం, దాని తేట తెలుగు అర్థం, తేదీతో సహా ఒక ఫలకం మీద గుడి దగ్గర అందరికీ కనిపించేలా ఉండాలి. అందులో మార్కో పోలో పేరు పెడితే ఆ గుర్తింపుకున్న హద్దులు కూడా రాయాలి. స్తంభాల మీద సున్నం, రంగు, నూనె పడకుండా ఊరివాళ్లూ యాత్రికులూ చూసుకోవాలి. దర్శి, మార్కాపురం, గిద్దలూరు బడుల ఉపాధ్యాయులు విహారయాత్రకు బస్సు మాట్లాడే ముందు ఆ శాసనం అర్థాన్ని తరగతిలో ఒకసారి చదివించండి.